మగ్గం గడ్డ

కోరుట్ల
జూన్ 9

తమ్ముడు ఎల్లేశంకు అక్క హేమలత ఆశీస్సులు.

ఫోన్ చేసి లాభం లేదని ఈ ఉత్తరం. కరెంటుతో నడిచే ఆ సాంచాల మగ్గాల చప్పుడుకు నీ చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. నేనేదో చెబుతుంటే నువ్వు "ఆఁ, తిన్న అక్కా" అంటావు. వాట్సాప్‌లో పెడితే ముందు నా మరదలు రాధిక చదువుతుంది, సాయంత్రానికి మీ గల్లీ అంతా చదువుతుంది. కాబట్టి కాగితమే మేలు. కార్ఖానాలో నిలబడి కాకుండా ఇంటికి పోయి, కూర్చుని చదువు.

నా ఎడమ మడమ వెనక గడ్డ ఉంది కదా, మన ఇంట్లో అందరికీ ఉండేదే. జితేందర్ నాకు కొత్త చెప్పులు తెచ్చాడు. అమ్మకు మంచివి కొనాలని వాడి ముచ్చట. వాటి పట్టీ ఒరుసుకుని గడ్డ మీద పుండైంది. ఇక దాన్ని కోయించుకుంటే పీడ పోతుందని జగిత్యాల వెళ్లాను. అక్కడ ప్రేమ్‌సాగర్ అని ఒక డాక్టరు ఉన్నాడు. చిన్న వయసే, మాట నెమ్మది. గడ్డను రెండు వేళ్లతో పట్టి చూశాడు. రెండో కాలు చూపించమన్నాడు. చేతివేళ్ల కణుపులు చూశాడు, కంటి రెప్పలు కిందికి లాగి చూశాడు. నేను చెప్పుల పట్టీ సంగతి చెబుతూనే ఉన్నాను గానీ ఆయన వింటే కదా.

"ఇదేం గడ్డ అనుకుంటున్నరమ్మా?" అని అడిగాడు.

"మగ్గం గడ్డ సారూ. గుంట మగ్గం తొక్కీ తొక్కీ మడిమెకు అస్తది. మా నాయినకు ఉండె, మా తమ్ములకు అచ్చింది. సాలోళ్ల ఇండ్లల్ల మామూలే."

"మీరెన్నేండ్లు తొక్కిన్రు మగ్గం?"

నువ్వే చెప్పు ఎల్లేశం. నాయిన నన్ను మగ్గం గుంటలోకి ఎన్నడైనా దిగనిచ్చాడా? ఆడపిల్లనని కండెలు చుట్టడానికే కూర్చోబెట్టాడు. పెళ్లయి కోరుట్ల వచ్చాక బీడీలు చేస్తున్నాను. తొక్కుడు చెక్క మీద నా కాలు ఒక్కనాడూ పడలేదు. ఆ గడ్డను ఇన్నేళ్లు కడుక్కున్నాను, నూనె రాసుకున్నాను, నాయిన గుర్తు అని మురుసుకున్నాను. ఇదెట్లా వచ్చిందే నాకు అని ఒక్కసారైనా అనుకోలేదు.

రక్తం తీశారు. అందులో చెడ్డ కొవ్వు ఉండాల్సిన దానికి మూడింతలు ఉందట. తిండితో వచ్చింది కాదట, పుట్టుకతో వచ్చిందట. రక్తంలోంచి ఆ కొవ్వును తీసేసే పని మనబోటి వాళ్ల ఒంట్లో సరిగా జరగదట. అది గుండె నాళాల్లో పేరుకుంటుంది, మడమ వెనక నరం మీద ఇలా గడ్డ కడుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికి సగం సగం అవకాశమట, వస్తే రావచ్చు, లేకుంటే లేదు.

మీ నాయిన ఎట్లా పోయాడని అడిగాడు. మగ్గం మీదనే ఒరిగిపోయాడని చెప్పాను, నలభై దాటి ఎంతో కాలేదని చెప్పాను. మన చిన్నోడు మధుకర్ దుబాయిలో పడుకున్న చోటు నుంచి లేవలేదని చెప్పాను. ఇద్దరికీ ఎండ దెబ్బే అన్నారు సారూ అన్నాను. ఆయన రెండూ చీటీ మీద రాసుకున్నాడు. తర్వాత, "ఇంకెవరున్నరు?" అన్నాడు.

"ఒక్క తమ్ముడున్నడు, సిరిసిల్లల."

"ఆయన్ను జల్ది తోల్కరండి," అన్నాడు.

అదీ సంగతి. బస్సెక్కి జగిత్యాల రా. పొద్దున ఏమీ తినకుండా రావాలి.

మీ అక్క
హేమలత


సిరిసిల్ల
జూన్ 21

అక్కకు ఎల్లేశం శనార్తులు.

నీ ఉత్తరం చదివాను, కూర్చునే చదివాను. రాధిక పక్కనుంచి తొంగి చూస్తే చీర సంగతి అని చెప్పాను. ఇప్పుడు నీకు ఒక చీర బాకీ పడ్డాను.

అక్కా, కొవ్వు సేట్లకు ఉంటుంది. నా ఒంట్లో బొక్కలు తప్ప ఏముంది? నిరుడు ఎవరి పెళ్లికో కుట్టించిన ప్యాంటు నడుము దగ్గర జారిపోతుంది, బెల్టుకు కొత్త తూట్లు పొడుస్తున్నాను. మీ డాక్టరు ఊళ్లో పెద్ద ఆసుపత్రి కట్టబోతున్నాడేమో కనుక్కో, నీ దగ్గర మొదలుపెట్టి మన ఇంటిల్లిపాదినీ లాగుతున్నాడు. నువ్వు పొద్దస్తమానం కాళ్లు మడిచి చాట ముందు కూర్చుంటావు. ఆ ఒత్తిడికి నీకు గడ్డ వచ్చి ఉంటుంది. మాకు మగ్గంతో వస్తే నీకు బీడీలతో వచ్చింది.

ఆ గడ్డ గురించి నాయిన ఏమనేవాడో నువ్వు మరిచిపోయావా? పని నేర్చుకోవడానికి ఎవరైనా వస్తే ముందు కాలు ముందుకు చాపేవాడు. "ఇగో, గీ గడ్డ అచ్చేదాక తొక్కాలె. గప్పుడే నేత అచ్చినట్టు" అనేవాడు. నాకు మడమ మీద గడ్డ తేలే నాటికి ఆయన లేడు. ఉంటే ఊరంతా చూపించేవాడు. దాన్ని పట్టుకుని రోగమంటే నాకు మనసొప్పడం లేదు.

ఇక్కడ సర్కారు చీరల ఆర్డరు నడుస్తున్నది. సాంచాలు ఆగితే సేటు ఊరుకోడు. నూలు చుట్టిన భీములు మోసీ మోసీ ఎడమ భుజం పట్టేస్తున్నది, అంతకు మించి నాకు ఏ బాధా లేదు. రాత్రి రాధిక బాం రాస్తుంది.

స్వప్న డిగ్రీ రెండో ఏడు. మొన్న కాలేజీలో ఏదో మాట్లాడి కప్పు తెచ్చుకుంది. నా బిడ్డను కార్ఖానా గడప కూడా తొక్కనీయనని దాని పురుటి నాడే అనుకున్నాను. ఆ మాట మీదనే ఉన్నాను.

అమ్మ బాగుంది. నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ తమ్ముడు
ఎల్లేశం


కోరుట్ల
జూలై 4

ఎల్లేశంకు,

భుజం సంగతి చివర్లో అట్లా విసిరేసి పోయావు, నేను చూడననుకున్నావా? నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని. జ్వరం వస్తే కూడా ఆటకు పోవాలని నుదురు తడి చేసుకుని వచ్చేవాడివి.

అడిగినదానికి సమాధానం రాయి. భుజం భీము ఎత్తినప్పుడే నొస్తుందా, ఉత్తిగా నడిచినా నొస్తుందా? కూర్చుంటే తగ్గుతుందా? చెయ్యి లోపలికి గుంజినట్టు ఉంటుందా? డాక్టరును అడిగితే ఇవే ప్రశ్నలు అడగమన్నాడు. సన్నగా ఉన్నాడు సారూ అని నీ తరఫున నేనే వాదించాను. సన్నం లావుతో దీనికి సంబంధం లేదట. బొక్కల మనిషి నాళాల్లో కూడా కొవ్వు కూర్చుంటుందట.

నేను రాత్రి ఒక గోళీ వేసుకుంటున్నాను. నూనె తగ్గించాను. పప్పు, ఆకుకూర, జొన్నరొట్టె. మీ బావకు ఫోన్లో చెబితే, "గట్లయితే నేనచ్చినంక నాకేం ఒండిపెడుతవ్?" అని బెంగ పెట్టుకున్నాడు. ఆయన దుబాయి నుంచి వచ్చేది వచ్చే ఏడాది.

జితేందర్‌కు కూడా రక్తం తీయించాను. వాడికి లేదు. ఆ మాట వినగానే ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను. అంతలోనే నువ్వు గుర్తొచ్చి ఆ ఏడుపు మారిపోయింది. నా కొడుకు బయటపడ్డాడని నేను మురుస్తున్నాను, నా తమ్ముడేమో బాం రాసుకుని పడుకుంటున్నాడు.

ఒక్క రోజు పని పోతే పోనీ. రా.

అక్క


సిరిసిల్ల
జూలై 15

అక్కకు,

ఉత్తరం అందింది. ప్రతిసారీ చావు గురించి రాయకు. చదివిన రోజు చేతిలో పని నిలవడం లేదు. పోగు తెగితే ఎక్కడ తెగిందో వెతకడానికే పూట పడుతున్నది.

ఇంకో మాట. ఇక్కడ సేట్ల నూలు తెచ్చుకుని నేసే ఆసాములందరం ఒకే హోటల్లో చాయ్ తాగుతాం. ఎల్లేశంకు గుండె జబ్బట అని ఒక్కడికి తెలిస్తే చాలు, మధ్యాహ్నానికి సేటుకు తెలుస్తుంది. వీడు రేపు సాంచాల మీద పడితే నా గుడ్డ ఎవడు నేస్తాడని ఆయన భీములు ఇంకొకరికి ఇస్తాడు. అప్పుడు నా ఇల్లు నీ డాక్టరు నడుపుతాడా?

భుజం తగ్గింది.

ఎల్లేశం


కోరుట్ల
ఆగస్టు 23

తమ్ముడికి,

అమ్మ నా దగ్గర ఉండి నిన్ననే బయలుదేరింది. బస్సు ఎక్కించి వచ్చాను. వేములవాడలో బస్సు మారడానికి జితేందర్ వెంట వెళ్లాడు.

ఆమెను ఏమీ అడగొద్దనే అనుకున్నాను. నువ్వు బాధపడ్డావని నీ ఉత్తరంలో కనపడింది. కానీ పప్పు గుత్తితో ఎనుపుతూ తనే నీ మాట తీసింది.

"వాని బుజం సూడు బిడ్డా, ఎన్ని సార్లు రాసినా తగ్గుత లేదు. మీ నాయినకు గూడ గట్లనే నొస్తుండె."

గుత్తి ఆమె చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాను. "ఏ బుజం?" అని అడిగాను.

"ఎడమదే. మగ్గం గుంజీ గుంజీ నొస్తున్నది అనేటోడు. నేనే కొబ్బరినూనె కాగబెట్టి రాసేదాన్ని. పోయిన్నాడు గూడ రాసిన."

ఆమెకు ఏమీ తెలియదు. తెలియకుండానే ఈ మాట చెప్పి, ఉప్పు చూడమని గరిటె నా చేతికిచ్చింది. నేను ఉప్పు చూశాను. ఎక్కువైందో తక్కువైందో నాకు తెలియలేదు.

ఎల్లేశం, నాకు భయంగా ఉంది. పోస్టు కవరు తెచ్చి ఇంట్లో పెట్టుకుంటాను, రాయడానికి కూర్చుంటే మధుకర్ పెట్టె ఎయిర్‌పోర్టు నుంచి వచ్చిన రోజు కళ్ల ముందుకు వస్తుంది. ఇద్దరు తమ్ముళ్లలో నువ్వొక్కడివే మిగిలావు. నువ్వు నాకు కావాలి. ఇంతకంటే చక్కగా రాయడం నాకు రాదు.

ఇక దీని గురించి రాయను. అడిగితే నీకు విసుగు, అడగకపోతే నాకు నిద్ర లేదు. అయినా నిద్ర మానుకోవడమే మేలనిపిస్తున్నది. నీ గుండె నీ ఒంట్లో ఉంది. దాన్ని జగిత్యాల తీసుకెళ్లాల్సింది నువ్వే, నేను కోరుట్లలో కూర్చుని ఎంత గుంజినా అది రాదు.

హేమలత


సిరిసిల్ల
నవంబరు 6

అక్కకు ఎల్లేశం శనార్తులు.

నువ్వు మాట మీద నిలబడ్డావు. రెండు నెలలు దాటినా ఉత్తరం లేదు. పోస్టు సైకిల్ మా గల్లీలోకి వచ్చినప్పుడల్లా తల ఎత్తి చూశాను. ఇప్పుడు చెప్పాల్సింది చాలా ఉంది, తిట్లు చివరికి దాచుకో.

బతుకమ్మ ఆడే రోజు సాయంత్రం స్వప్న తయారవుతున్నది. పట్టీల కొక్కెం పడటం లేదని నన్ను పిలిచి కాలు ముందు పెట్టింది. ఆ సన్న పని ఇంట్లో నా వేళ్లకే చేతనవుతుంది కదా. కింద కూర్చుని కొక్కెం వేస్తున్నాను. మడమ వెనక నా బొటనవేలికి గట్టిగా తగిలింది. రేగ్గింజంత ఉంది.

"ఇదెప్పటిసంది బిడ్డా?"

"ఎప్పటిసందో ఉన్నది నాయినా," అంది. తర్వాత నవ్వి, "నీదే అచ్చిందనుకున్న. తాతకు, నీకు, ఇగ నాకు" అంది.

దాని ముఖంలో గర్వం ఉంది అక్కా. నా మాటలు వినీ వినీ వచ్చిన గర్వం. మగ్గం కంటితో చూడని పిల్ల. దాన్ని సాంచాల దుమ్ములోకి రానీయకూడదని నేను ఒక్క పూట సెలవు లేకుండా నేశాను. నా కాపలా కంటే ముందే ఆ రోగం బిడ్డ ఒంట్లో చేరి కూర్చుంది. నేను కొక్కెం వేసి లేచాను. అది చప్పట్లు కొట్టుకుంటూ ఆటకు పోయింది. నేను బాత్రూంలోకి పోయి నల్లా తిప్పి నిలబడ్డాను.

అయినా నా మూర్ఖత్వం చూడు, ఆఖరి ఆశ ఒకటి మిగిలింది. తెల్లారి హోటల్‌కు పోయాను. గుంట మగ్గం మీద బతుకు వెళ్లదీసిన ముసలివాళ్లు కొందరు ఇంకా అక్కడ చాయ్‌కి వస్తారు. మడమలు చూపించమన్నాను. పొద్దున్నే తాగి వచ్చాననుకున్నారు. బతిమిలాడితే ఒక్కొక్కరు ధోతి పైకి పట్టుకుని, బెంచీ మీద అటు తిరిగి, కాళ్లు వెనక్కి చాపారు. హోటల్ ఆయన గిన్నె దించి మరీ వచ్చి చూశాడు. అరికాళ్లలో కాయలు ఉన్నాయి, పగుళ్లు ఉన్నాయి. మడమ వెనక ఏ ఒక్కరికీ ఏమీ లేదు. నాయినతో పక్క మగ్గం నేసిన విఠల్ పెదనాయినకు కూడా లేదు.

"గది మీ ఇంటోళ్లకే ఉండెరా," అన్నాడాయన. "మీ నాయిన కాలు సాపి గొప్పలు చెప్తుంటే మేమెందుకు కాదనాలె అని ఊకున్నం."

ఆ మర్నాడే స్వప్నను తీసుకుని మల్యాల మీదుగా జగిత్యాల వెళ్లాను. బిడ్డ కోసం పోతున్నానని చెప్పుకున్నాను. మీ డాక్టరు ఇద్దరి రక్తమూ తీయించాడు. నీ ప్రశ్నలే అడిగాడు. ఈసారి అబద్ధం చెప్పలేదు. భీము ఎత్తితేనే కాదు సారూ, మా గల్లీ మలుపు దాకా నడిచినా పడుతుంది, నిలబడితే పోతుంది, వేసవి నుంచీ ఉంది అని చెప్పాను. స్వప్న నా వైపు చూసింది. ఆ చూపు నీ చూపే.

నా ఈసీజీ తీసి ఆయన ఇంటికి పోనీయలేదు. కరీంనగర్ పంపాడు. గుండెకు పోయే పెద్ద నాళం ఒకటి చాలావరకు మూసుకుపోయి ఉంది. స్టెంట్ వేశారు. అవును, నీకు చెప్పలేదు. రాధిక ఫోన్ చేస్తానంటే నేనే వద్దన్నాను. నువ్వు వచ్చి ఆసుపత్రి గుమ్మం ముందు కూర్చుంటావు, మధుకర్ పెట్టె కోసం ఇంటి గుమ్మంలో కూర్చున్నట్టు. అది మళ్లీ నీకు వద్దనుకున్నాను. ఇప్పుడు ఇంట్లో ఉన్నాను, అన్నం తింటున్నాను, ఈ ఉత్తరం నా చేత్తో రాస్తున్నాను.

స్వప్నకూ ఉంది. గుండె మంచిగానే ఉందట, ఇప్పుడే మొదలుపెడితే గోళీతో అదుపులో ఉంటుందట. నేను కళ్లు తుడుచుకుంటుంటే అది ఆయన్ను ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. పెళ్లయ్యాక పిల్లలు కావాలనుకున్నప్పుడు ముందే వచ్చి చెప్పాలి, అప్పుడు ఆ గోళీ ఆపాలి అని ఆయన చెబితే, నా ముందే సరే సార్ అంది. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

సేటుకు నేనే చెప్పాను. మొదట ముఖం ముడుచుకున్నాడు. తర్వాత భీములు మోయడానికి మనిషిని పెట్టుకో అన్నాడు. ఆ మనిషి కూలి నా లెక్కలోనే కోస్తాడట. అయినా సాంచాలు నడుస్తున్నాయి.

నువ్వు మూడు ఉత్తరాలు రాశావు. మొదటిదానికే రావాల్సింది.

నీ తమ్ముడు
ఎల్లేశం


కోరుట్ల
నవంబరు 12

ఎల్లేశంకు,

నీ ఉత్తరం నిలబడి చదివాను, సగానికి వచ్చేసరికి కూర్చున్నాను. నాకు చెప్పకుండా గుండెలో తీగ పెట్టించుకుంటావా? మా మరదలు నీ మాట వింటుందా? మీ ఇద్దరి సంగతీ వచ్చినప్పుడు చూస్తాను. జితేందర్ కుట్టు మిషన్ మీద ఉన్న ఉత్తరం తీసి చదివి, "అమ్మా, మామ మంచిగనే ఉన్నడు కదనే, ఎందుకు ఏడుస్తున్నవ్?" అన్నాడు. మంచిగా ఉన్నావనే ఏడుస్తున్నానని వాడికి ఎట్లా చెప్పను?

విఠల్ పెదనాయిన మాటకు మాత్రం ఏడుస్తూనే నవ్వాను. నాయిన వింటే ఆయనతో మాట్లాడడం మానేసేవాడు.

గోళీలు మానకు. ఒళ్లు బాగుంది కదా అని ఒకనాడు మానేసేది నీ రకమే. ఈ మందులు బాగున్నప్పుడు కూడా వేసుకోవాలట, బాగుండడానికే వేసుకోవాలట. స్వప్నతో నేను ఫోన్లో మాట్లాడాను. మా ఇద్దరికీ ఒకే గోళీ. రాత్రి పడుకునే ముందు అది నాకు "అత్తా, ఏసుకున్నవా" అని మెసేజ్ పెడుతున్నది. నీకు వినపడకపోతే ఏం, నీ బిడ్డకు నా మాట బాగానే వినపడుతుంది.

ఒక సంగతి నిన్నటి నుంచి నన్ను వదలడం లేదు. మన ఇంట్లో ముసలివాడైన మగవాణ్ని నేను చూడలేదు. నాయిన మీసం నల్లగా ఉండగానే పోయాడు. మధుకర్‌కు ఒక్క వెంట్రుక కూడా నెరవలేదు. తాతను ఎవరూ ఫోటో తీయలేదు, ఆయనా చిన్న వయసులోనే పోయాడంటారు. నువ్వు ముసలివాడివైతే ఎట్లా ఉంటావోనని ఎంత అనుకున్నా నా కళ్లకు కట్టడం లేదు. నడుము వంగుతుందా, బట్టతల వస్తుందా, పళ్లు ఊడి మాట తొట్రుపడుతుందా? అన్నీ రావాలి నీకు. తిట్టుకుంటూ, మూలుగుతూ, మనవలతో కొట్లాడుతూ నువ్వు ముసలివాడివి కావాలి.

అక్క


సిరిసిల్ల
ఫిబ్రవరి 18

అక్కకు ఎల్లేశం శనార్తులు.

మొన్న మళ్లీ జగిత్యాల వెళ్లి వచ్చాం. ఇద్దరికీ కొవ్వు బాగా దిగింది. నాకు ఇంకా దిగాలని డాక్టరు గోళీ మార్చాడు. పొద్దున నడుస్తున్నాను. గల్లీ మలుపు దాటి వాగు దాకా పోతున్నాను, నొప్పి లేదు. స్వప్న నాతో వస్తుంది, చెవుల్లో పాటలు పెట్టుకుని ముందు నడుస్తుంది. ఇబ్రహీంపట్నంలో మధుకర్ పిల్లలకు రక్తం తీయించాలని వాళ్లమ్మతో నేనే మాట్లాడాను. వచ్చే వారం తీసుకొస్తానంది. నేను జగిత్యాల బస్టాండులో ఎదురుచూస్తానని చెప్పాను.

ముసలివాడినైతే ఎట్లా ఉంటానని నువ్వు అడిగినదానికి ఇన్నాళ్లు సమాధానం రాయలేదు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి నేను తలకు, మీసానికి రంగు వేయలేదు. మొదట్లో ఓపిక లేక, తర్వాత కావాలనే. నిన్న క్షవరానికి పోతే అతను పాత రంగు కొసలన్నీ కత్తిరించి, అలవాటుగా గిన్నెలో కొత్త రంగు కలిపాడు. వద్దని లేచి వచ్చాను.

ఇంటికి వస్తే అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఎవరో అనుకుని చీర కొంగు సర్దుకుంది. దగ్గరికి వచ్చాక గుర్తుపట్టింది. పక్కన కూర్చోమంది. నా మీసం మీద చెయ్యి పెట్టింది, చెవుల దగ్గర తెల్లబడ్డ వెంట్రుకలు నిమిరింది.

"బతికుంటే గిట్లనే ఉంటుండె గావచ్చు మీ నాయిన," అంది.

చెయ్యి తీయలేదు అక్కా. రాధిక చాయ్ తెచ్చి పెట్టింది, అది చల్లారిపోయింది. నేను కదలకుండా కూర్చున్నాను.

ఆదివారం నువ్వూ వచ్చి చూసిపో.

నీ తమ్ముడు
ఎల్లేశం